గట్టు మీది రాయి ఎవరిది?



పోయిన వారం మన గ్రూపులో ఒక ఫోటో వచ్చింది. మోర్ధానా దారిలో ఒక చేను గట్టు మీద నిలబెట్టిన రాయి. కుడిచేతిలో కత్తి, ఎడమచేతిలో విల్లు, పక్కకు ముడి వేసిన జుట్టు, నడుముకు బిగించిన గుడ్డ. మీద పసుపు, కుంకుమ, ఎవరో పోసిన నూనె. అక్షరాలు కనబడలేదు. "ఇదే దేవుడు?" అని ఒకరు అడిగారు. "దేవుడు కాదు, మన పూర్వీకుడు" అని ఇంకొకరు. "అయితే రేకుల షెడ్డు వేసి, సంఘం పేరుతో బోర్డు పెట్టేద్దాం" అని మూడో మాట. చందా లెక్క కూడా మొదలైపోయింది. బోర్డు మీద ఏం రాయాలి అన్న దగ్గర మాత్రం అందరూ ఆగారు. అక్కడ ఆగడం మంచిదే. ఆ బోర్డు గురించే ఈ పొడుగు పోస్టు. ఓపిగ్గా చదవండి, చదివాక చందా సంగతి చూసుకుందాం.

ముందుగా, ఆ రాయి ఏమిటి? తమిళంలో దాన్ని నడుకల్ అంటారు. తెలుగులోనూ కన్నడంలోనూ వీరగల్లు. నడుకల్ అంటే నాటిన రాయి. తమిళంలో 'నడు' అన్నా, మనం పైరు 'నాటు' అన్నా ఒకటే మాట. పోరులో పడినవాడికోసం, పులితోనో పందితోనో తలపడి చనిపోయినవాడికోసం ఊరివాళ్లు రాయి చెక్కించి నాటేవాళ్లు. తర్వాత దానికి నీళ్లు పోసి, పూలు పెట్టి, ఏటేటా మొక్కేవాళ్లు. కాబట్టి అది దేవుడన్నవాళ్లూ, పూర్వీకుడన్నవాళ్లూ ఇద్దరూ సరిగ్గానే చెప్పారు. చచ్చిపోయిన మనిషి దేవుడయ్యే దారి ఆ రాయే. ధర్మపురి, చెంగం వైపు ఇలాంటి రాళ్లకు వేడియప్పన్ అని పేరు పెట్టి ఇప్పటికీ మొక్కుతున్నారు.

మేమందరం తమిళ మీడియంలో చదివినవాళ్లం. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. నడుకల్ గురించి మాకు బడిలోనే చెప్పారు. రాయి నాటడానికి తొల్కాప్పియం ఆరు మెట్లు చెబుతుంది. తగిన రాయిని వెదికి చూడడం కాట్చి. దాన్ని తేవడానికి పూనుకోవడం కాల్కోళ్. నీళ్లలో ముంచి శుద్ధి చేయడం నీర్ప్పడై. ఆపైన నడుదల్, అంటే నాటడం. తర్వాత పెరుంపడై, పెద్ద నైవేద్యం. చివరికి వాళ్త్తల్, దీవించి పాడడం. సిలప్పదికారంలో కన్నగికి రాయి నిలిపే కథ కూడా ఈ వరసలోనే నడుస్తుంది. చేరరాజు హిమాలయం నుంచి రాయి తెచ్చి, గంగలో ముంచి, వంజిలో నాటిస్తాడు. ధర్మపురినే పూర్వం తగడూర్ అనేవారు. ఆ తగడూరు అతియమాన్‌కు నాటిన రాయి గురించి అవ్వైయార్ పాడిన పాట పుఱనానూరులో ఉంది. ఇవన్నీ పరీక్షలో మార్కులకోసం బట్టీ పట్టిన సంగతులు. పుస్తకంలోని నడుకల్లూ, చేను గట్టు మీద మేకలు ఒళ్లు రుద్దుకునే రాయీ ఒకటేనని మాత్రం పాఠంలో లేదు.

ఇప్పుడు మన చుట్టుపక్కలకు వద్దాం. కీళ్ముట్టుగూరు అనే ఊరు మనకు కొత్త కాదు. అది పాత లెక్కల్లో గుడియాత్తం తాలూకాలోదే. అక్కడి మూడు శాసనాలనూ, ఆంబూరులోని రెండు వీరగల్లులనూ హుల్ట్ష్ అనే జర్మన్ పండితుడు చదివి అచ్చువేయించాడు. ఆయన మద్రాసు ప్రభుత్వంలో శాసనాల అధికారి. ఎపిగ్రాఫియా ఇండికా నాలుగో సంపుటంలో, 1896–97లో, ఇవి వచ్చాయి. అంటే మన తాలూకా రాళ్లకు దేశంలోని పెద్ద పుస్తకంలో చోటు దొరికి నూటపాతికేళ్లు దాటింది. ఇది మన పిల్లలకు ఎవరూ చెప్పలేదు.

ఆంబూరు రాళ్లు పల్లవ రాజు నృపతుంగుడి 26వ ఏట నాటినవి. తొమ్మిదో శతాబ్దం రెండో సగం. నుళంబుడి సైన్యం పశువులకోసం ఊరి మీద పడింది. అడ్డుపోయినవాళ్లు చనిపోయారు. కీళ్ముట్టుగూరులో పరాంతక చోళుడి కాలంనాటి రాయి ఒకటి. పదో శతాబ్దం. ఊరి పశువులను తోలుకుపోతుంటే మరల్చి తెచ్చి, ఆ పోరులో పడిపోయినవాడి రాయి అది. రెండు ఊళ్లలోనూ పెద్ద రాజ్యంకోసం, సింహాసనంకోసం యుద్ధం లేదు. పశువుల మంద ఒకటి, దాన్ని తోలుకుపోయే మూక ఒకటి, అడ్డంగా నిలబడిన మనిషి ఒకడు.

పశువులకోసం ప్రాణాలు తీసుకోవడం ఏమిటని చిన్నవాళ్లు అడగొచ్చు. నోట్లూ బ్యాంకులూ లేని కాలం. ఊరి సొత్తంతా నాలుగు కాళ్ల మీద నడుస్తుండేది. దున్నడానికి ఎద్దు, పాడికి ఆవు, పొలానికి ఎరువు. మంద పోతే ఊరు పోయినట్టే. పైగా మంద దానంతట అదే నడిచి వస్తుంది, మోయక్కర్లేదు. శత్రువు ఊరిని దెబ్బతీయాలంటే ముందు చేసేది మందను తోలుకుపోవడమే. మహాభారతంలో కౌరవులు విరాటుడి మీద చేసిందీ అదే కదా.

మన పాలారు, కౌండిన్య లోయలో ఇది ఎందుకు ఎక్కువ జరిగిందో మ్యాపు చూస్తే తెలుస్తుంది. పైన పీఠభూమి. కోలారు, పుంగనూరు, పలమనేరు. అక్కడ గంగులు, నుళంబులు, వైదుంబులు. కింద పాలారు మైదానం. ఇక్కడ పల్లవులు, తర్వాత చోళులు. మధ్యలో బాణులు. కనుమ దిగితే మేత, నీళ్లు, మందలు. కౌండిన్య ఏరు పలమనేరు వైపు కొండల్లోంచి దిగి మోర్ధానా దగ్గర ఆనకట్టలో ఆగుతుంది, అక్కడినుంచి గుడియాత్తం ఊరిని చీల్చుకుని పాలారులో కలుస్తుంది. ఏనుగులు ఇప్పటికీ ఈ అడవుల్లోంచే దిగివస్తున్నాయి. నీళ్లకు, ఏనుగులకు దారి ఉన్నచోట మనుషులకూ దారి ఉంటుంది.

ఆ బాణుల రాజ్యానికి ఒక పేరుండేది. అది మన సంఘంలో ప్రతి ఒక్కరూ గుర్తుపెట్టుకోదగ్గ పేరు. తమిళ శాసనాల్లో దాన్ని వడుగవళి మేఱ్కు అన్నారు. వడుగు అంటే తెలుగు, వళి అంటే దారి. తెలుగు దారికి పడమటి దేశం. బాణుల ఉదయేందిరం రాగిరేకుల్లో అదే మాట సంస్కృతంలో ఉంది, ఆంధ్రపథానికి పడమర అని. ఉదయేందిరం ఎక్కడో కాదు, ఆంబూరు, వాణియంబాడి పక్కనే. వెయ్యేళ్లకు మునుపే ఈ నేలను పిలవాలంటే తెలుగు దారిని గుర్తుగా చెప్పేవాళ్లన్నమాట. "మీరు ఎప్పుడొచ్చారు ఇక్కడికి?" అని అడిగేవాళ్లకు మనం కోపం తెచ్చుకోనక్కర్లేదు, ఈ ఒక్క మాట చెబితే చాలు.

ఇంకా తమాషా ఏమంటే, కనుమ ఎక్కితే అవే రాళ్లు మళ్లీ కనబడతాయి. మదనపల్లె, పుంగనూరు వైపు వైదుంబుల కాలం వీరగల్లులు ఉన్నాయి. సోరేమడి అనే చోట జరిగిన యుద్ధంలో పడినవాళ్ల రాళ్లు ఆ సీమలో ఒకటి కాదు, చాలా దొరికాయి. కొన్ని తెలుగులో, కొన్ని కన్నడంలో. కింద మన రాళ్లు తమిళంలో. భాషలు మూడు, చెప్పే పద్ధతి ఒకటే. ఫలానా రాజు ఏలుతుండగా, ఫలానా వాడు, ఫలానా పోరులో పడ్డాడు. తమిళ రాయి 'పట్టాన్' అంటుంది. తెలుగు రాయి 'పడియె' అంటుంది. మనం ఇప్పుడు 'పడ్డాడు' అంటున్నాం. పశువులకు తమిళ రాళ్ల మీద ఉండే మాట 'తొఱు'. కన్నడంలో అదే 'తుఱు'. తెలుగు నిఘంటువు తీసి చూడండి, 'తొఱ్ఱు' అంటే ఆవు అని ఉంటుంది. తోలుకుపోయినవాళ్లూ, మరల్చబోయినవాళ్లూ మందకు ఒకే పేరు పెట్టుకున్నారు.

అందుకే "ఈ రాయి తమిళులదా, తెలుగువాళ్లదా?" అని మన గ్రూపులో నడిచిన వాదం ఆ రాతికే తెలియని వాదం. ఇప్పుడు మనం గోడలా చూస్తున్న సరిహద్దు ఎప్పటిదో లెక్కపెట్టండి. 1911 ఏప్రిల్ 1దాకా పలమనేరూ గుడియాత్తమూ ఒకే ఉత్తర ఆర్కాటు జిల్లా. దాని జిల్లా కచేరీ చిత్తూరులో ఉండేది. ఆ రోజు చిత్తూరు వేరే జిల్లా అయింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. 1960 ఏప్రిల్ 1న సరిహద్దు సర్దుబాటు జరిగి తిరుత్తణి ఇటొచ్చింది, సత్యవేడు అటుపోయింది. 1989లో ఉత్తర ఆర్కాటు రెండయింది. 2019లో వేలూరు మూడయింది. అలా ఆంబూరు తిరుప్పత్తూరు జిల్లాకు పోయింది. మా సర్వీసులోనే స్టేషన్ల జిల్లా పేర్లు ఎన్నిసార్లు మారాయో. రాళ్లు మాత్రం నాటినచోటే ఉన్నాయి.

ఇక్కడ కాస్త దూరదేశం పోయివద్దాం, కారణం ఉంది. ఆఫ్రికాలో నైజీరియా, కామెరూన్ దేశాల సరిహద్దు మీద ఒక ఎత్తైన పీఠభూమి ఉంది. అక్కడివాళ్లు మాంబిలా జనం. వాళ్లు మెత్తటి కొయ్యతో మనిషి బొమ్మలు చెక్కేవాళ్లు. హృదయం ఆకారంలో లోపలికి గుంటగా తీసిన ముఖం, వెంట్రుకలకు బదులు తలనిండా గుచ్చిన చిన్న కొయ్యముక్కలు, పొట్టి కాళ్లు, మీద ఎరుపు, తెలుపు, నలుపు రంగులు. ఇరవయ్యో శతాబ్దంలో మిషనరీలూ వ్యాపారులూ ఇవి చాలా కొనుక్కుపోయారు. ఇప్పుడు యూరప్, అమెరికా మ్యూజియాల్లో అద్దాల వెనక ఉన్నాయి. ముందు చిన్న చీటీ: "పూర్వీకుడి బొమ్మ, మాంబిలా".

వాళ్ల కథ మన కథలాగే ఉంటుంది. ఆ పీఠభూమి బ్రిటిషువాళ్ల చేతిలోని ఉత్తర కామెరూన్స్‌లో ఉండేది. 1961 ఫిబ్రవరిలో ఓటు పెట్టారు, జూన్ 1న అది నైజీరియాలో కలిసింది. పీఠభూమి కింద మైదానంలోని మాంబిలా ఊళ్లు కామెరూన్‌లో ఉండిపోయాయి. ఒకే భాష, ఒకే బంధుత్వం, మధ్యలో గీత. మనకు 1960, వాళ్లకు 1961.

అయితే ఆ చీటీ సంగతి చూడండి. డేవిడ్ జైట్లిన్ అనే మానవశాస్త్రవేత్త 1980లనుంచి కామెరూన్ వైపు మాంబిలా ఊళ్లో ఉంటూ వాళ్ల భాష నేర్చుకుని పనిచేశాడు. ఈ బొమ్మల గురించి 1994లో ఒక వ్యాసం రాశాడు. అందులో ఆయన ఎత్తిన ప్రశ్న మనకు పనికొస్తుంది: వీటిని పూర్వీకుల బొమ్మలు అని ఎవరన్నారు? రోగం నయం చేసే క్రతువులతో వీటికి ఉన్న సంబంధం కనబడుతోంది. పూర్వీకుల పూజ అనే మాట మాత్రం చాలావరకు బయటివాళ్లు అతికించింది. ఆఫ్రికా కొయ్యబొమ్మ అంటే పూర్వీకుడే అయి ఉంటాడని సేకరించినవాళ్లు అనుకున్నారు, చీటీ రాశారు, పుస్తకాలు ఆ చీటీని చూసి రాశాయి. బొమ్మ చేసినవాడి మాట, దాని ముందు కూర్చున్నవాడి మాట చీటీలోకి ఎక్కలేదు.

రైల్వేలో పార్సిల్ ఆఫీసు చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. మూట మీద లేబులు ఉండాలి. పంపినవాడు, పోవాల్సిన స్టేషన్, రసీదు నంబరు. వానకు లేబులు ఊడిపోయిందనుకోండి, మూటలో బంగారం ఉన్నా అది దిక్కులేని మూటే. కొన్నాళ్లు చూసి లాస్ట్ ప్రాపర్టీకి పంపుతారు, ఆపైన వేలం. దానికన్నా పెద్ద ప్రమాదం ఇంకొకటి ఉంది. లేబులు లేదు కదా అని ఎవరో ఊహించి కొత్త లేబులు అంటిస్తే, మూట తప్పు ఊరికి పోతుంది. ఇక అసలు సొంతదారుడు ఎన్ని అర్జీలు పెట్టినా దొరకదు. లేబులు లేని మూటకైనా ఆశ ఉంటుంది. తప్పు లేబులు పడ్డ మూటకు అదీ ఉండదు.

మన గట్టు మీది రాయి ఇప్పుడు లేబులు లేని మూట. మన బోర్డు దానికి ఏ లేబులు అవుతుందన్నదే ప్రశ్న.

గ్రూపులో వచ్చిన ఒక సలహా ఏమిటంటే, మన కులపు వీరుడని రాసేయడం. పెద్దల మీద గౌరవంతోనే ఆ మాట అన్నారని మాకు తెలుసు. కానీ ఈ రాళ్ల మీద ఎవరి పేర్లు ఉంటాయో ఒకసారి చూడండి. రాజులవి అరుదు. ఎక్కువగా సేవకులు, కాపరులు, ఊరి కావలివాళ్లు. చెంగం దగ్గర ఎడుత్తనూరులో ఒక రాయి ఉంది. మహేంద్రవర్మ పల్లవుడి 34వ ఏటిది, అంటే ఏడో శతాబ్దం. కరుందేవకత్తి అనే సేవకుడు గేదెల మందను కాస్తూ పడిపోయాడు. ఆయన పక్కనే ఒక కుక్కను చెక్కారు. దాని పేరు కోవివన్. అది ఇద్దరు దొంగలను కరిచి కావలి నిలిచిందని రాతి మీద రాశారు. పదమూడు, పద్నాలుగు వందల ఏళ్లుగా ఒక కుక్క పేరు నిలిచివుంది, దాని ఊరివాళ్లు రాసిపెట్టారు కాబట్టి. కర్ణాటకలో ఆతకూరు శాసనంలోనూ ఇలాగే కాళి అనే వేటకుక్క ఉంది, పందితో పోరాడి చచ్చిపోయింది. ఈ కుక్కలకు ఏ సంఘం బోర్డు పెడుతుంది? చచ్చినవాడు ఏ కులమని చూసి ఊరు రాయి నాటలేదు. ఏం చేసి చచ్చాడో చూసి నాటింది.

చెంగం రాళ్లు వెలుగులోకి వచ్చిన తీరు కూడా తెలుసుకోవాలి. తమిళనాడు పురావస్తు శాఖ 1960లలో మొదలైంది. ఆర్. నాగస్వామి గారి ఆధ్వర్యంలో చెంగం చుట్టుపక్కల ఊరూరూ తిరిగి రాళ్లను చదివి 1972లో 'చెంగం నడుకఱ్కళ్' అని పుస్తకం వేశారు. పాత రాళ్లు వట్టెళుత్తులో ఉంటాయి. అది గుండ్రటి పాత లిపి. తమిళం బాగా చదివినవాళ్లకు కూడా అది అర్థం కాదు. 2006లో తేని జిల్లా పులిమాన్‌కోంబైలో దొరికిన రాళ్లు తమిళ బ్రాహ్మి లిపిలో ఉన్నాయి, ఇంకా చాలా పాతవి. అందులోనూ పశువుల పోరే. ఇవి చదవడానికి నేర్చినవాళ్లు కావాలి. నేర్చినవాళ్లు వచ్చేదాకా రాయి ఉండాలి. మన పని ఆ రెండోది.

తెలుగుదేశంలో పూర్వీకులను నిలుపుకునే పద్ధతులు ఇంకా ఉన్నాయి. పల్నాడులో కారెంపూడిలో వీరుల గుడి ఉంది. పన్నెండో శతాబ్దపు పల్నాటి యుద్ధంలో చచ్చినవాళ్లకోసం కార్తీక అమావాస్యకు మొదలుపెట్టి ఐదు రోజులు ఉత్సవం చేస్తారు. అక్కడ వీరుల ఆయుధాలకే పూజ. వీరాచారం పాటించే కుటుంబాలు తమ ఇంటి వీరుడి ఆయుధాన్ని మోసుకొస్తారు. ఆయుధమే తాత. ముఖం చెక్కలేదు కాబట్టి వాళ్లు మరిచిపోలేదు. ఎందుకంటే ఏ ఆయుధం ఎవరిదో ఏటేటా నోటితో చెప్పుకుంటారు, కథ పాడతారు. మన ఇళ్లలోనూ అంతే. పెద్దలకు పెట్టేటప్పుడు బొమ్మ ఏదీ ఉండదు. గోడ దగ్గర పసుపు పూసి, దీపం పెట్టి, కొత్త బట్ట ఉంచి, పేర్లు పిలుస్తాం. పేరు పిలవడమే అసలు పూజ. కొయ్య అయితే చెద తింటుంది, రాయి అయితే వెయ్యేళ్లు ఉంటుంది. పిలిచేవాళ్లు పోతే రెండింటి గతీ ఒకటే.

ఇప్పుడు ఫోటోలోని రాయిని మళ్లీ చూద్దాం. అక్షరాలు లేకపోయినా రాయి కొంత చెబుతుంది. చేతిలో విల్లూ కత్తీ ఉంటే పోరులో పడినవాడు. కాళ్ల దగ్గర ఆవులు చెక్కివుంటే మందకోసం పోరు. ఎదురుగా పులి ఉంటే పులితో, పంది ఉంటే పందితో. తన కత్తి తన మెడకే పెట్టుకుని ఉంటే, మొక్కు తీర్చడానికి తల ఇచ్చుకున్నవాడు, దాన్ని నవకండం అంటారు. పక్కన చెయ్యెత్తి నిలబడిన ఆడమనిషి ఉంటే ఆమె సహగమనం చేసిందని గుర్తు. మనవాళ్లు పేరంటాలు అనేది అలాంటివాళ్లనే. రాయి మూడు అంతస్తులుగా ఉంటే కింద యుద్ధం, మధ్యలో అప్సరసలు తీసుకుపోవడం, పైన కైలాసం. ఇది కన్నడ, తెలుగు సీమల్లో ఎక్కువ. మన వైపు చాలావరకు ఒకే అంతస్తు. మన ఫోటోలో కత్తీ విల్లూ ఉన్నాయి, ఆవులు లేవు, పులి లేదు. కాబట్టి "పోరులో పడినవాడు" అనేదాకా రాయొచ్చు. అంతకు మించి ఒక్క మాట రాసినా అది మన కల్పన.

మనం చేయగలిగే పనులు ఇవి. ఖర్చు తక్కువ, ఓపిక ఎక్కువ కావాలి.

మొదటిది, రాయిని కదపొద్దు. గుడికి అందంగా ఉంటుందని రోడ్డు పక్కకు తెస్తే సగం చరిత్ర పోతుంది. ఏ గట్టు, ఏ దారి, ఏ ఏటి మలుపు అన్నదే పోరు ఎక్కడ జరిగిందో చెప్పే సాక్ష్యం. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు, కల్వర్టు కట్టేటప్పుడు జేసీబీ ముందు నిలబడి చెప్పగలిగేది మనమే.

రెండోది, సిమెంటు, ఆయిల్ పెయింటు వద్దు. వైరు బ్రష్షుతో తోమొద్దు, యాసిడ్ అసలే వద్దు. సిమెంటులో సగం పాతేస్తే కింద ఉన్న అక్షరాలు శాశ్వతంగా పోతాయి. మొక్కేవాళ్లు పసుపూ కుంకుమా పెడుతున్నారంటే పెట్టనివ్వండి. వాళ్లు మొక్కుతున్నారు కాబట్టే రాయి ఇన్నాళ్లు మిగిలింది. ఆ పూజ చేసే ఇల్లు ఏదో, ఏ కులమో, ఏ భాషో మనకు అనవసరం. మన సంఘం వచ్చి వాళ్లను పక్కకు నెట్టిందన్న మాట రాకూడదు.

మూడోది, రాత్రిపూట టార్చి తీసుకుపోయి, రాతికి ఎదురుగా కాకుండా పక్కనుంచి వెలుగు పడేలా పట్టుకోండి. పగలు కనబడని గీతలు నీడలో లేచి కనబడతాయి. అలా నాలుగు వైపులా ఫోటోలు తీయండి. ఏనుగుల కాలం కదా, మోర్ధానా వైపు రాత్రి ఒంటరిగా పోవద్దు, ఊరివాళ్లను తోడు తీసుకోండి.

నాలుగోది, ఊరి పెద్దవాళ్లు ఆ రాయిని ఏ పేరుతో పిలుస్తారో, ఎప్పుడు పొంగలి పెడతారో, దాని చుట్టూ ఏ కథ ఉందో ఫోనులో రికార్డు చేయండి. వాళ్లు తమిళంలో చెబితే తమిళంలోనే, తెలుగులో చెబితే తెలుగులోనే. చక్కదిద్దొద్దు. ఇది అన్నిటికన్నా తొందర పని. రాయి ఇంకో వందేళ్లు ఆగుతుంది, ఎనభై ఏళ్ల అవ్వ ఆగదు.

ఐదోది, ఇవన్నీ ఒక ఫైలు కట్టి వి.ఏ.ఓ.కు ఒకటి, వేలూరు కోటలోని ప్రభుత్వ మ్యూజియానికి ఒకటి, పురావస్తు శాఖకు ఒకటి పంపుదాం. అర్జీ రాయడం, దాని వెనక తిరగడం మాకు వదిలేయండి. ముప్పై ఏళ్లు క్లర్కు పని చేసినవాళ్లకు ఫైలు కదిలించడం తెలుసు.

ఇక బోర్డు. పెడదాం, వద్దనం. రాయికి నాలుగడుగుల దూరంలో, నేలలో విడిగా కంబం పాతి, రెండు భాషల్లోనూ. ఈ మాటలు రాద్దామని మా ప్రతిపాదన:

"వీరగల్లు. పోరులో పడినవాడి జ్ఞాపకంగా పూర్వపు ఊరివాళ్లు నాటిన రాయి. కదపవద్దు, రంగు వేయవద్దు."

కింద సంఘం పేరు అక్కర్లేదు. పేరు రాయాల్సిన చోటు ఒకటే ఉంది, అది ఆ చచ్చినవాడిది. ఆ జాగా ఖాళీగా వదిలేద్దాం. ఎప్పుడైనా, ఎవరైనా కింద మట్టిలో ఉన్న అక్షరాలు చదివితే రాసుకుంటారు.

వచ్చే నెల మీటింగులో ఇది అజెండాలో పెడుతున్నాం. షెడ్డుకని అనుకున్న చందాలో బోర్డుకు పోను మిగిలింది, ఆ ఊరి బడి పిల్లలను ఒకరోజు వ్యానులో ఆంబూరు, వేలూరు మ్యూజియం తీసుకుపోయి చూపించడానికి వాడదామని మా మాట. వాళ్లకు తమిళ పుస్తకంలో నడుకల్ పాఠం ఎలాగూ ఉంటుంది. తిరిగొచ్చాక తమ ఊరి గట్టు మీది రాయి దగ్గర దిగమందాం. అభిప్రాయాలు కింద రాయండి. తమిళంలో రాసినా సరే, తెలుగులో రాసినా సరే.